రబ్బరు కట్టిన బటన్

మా బుడ్డది మనుషుల్ని కొట్టడం మొదలుపెట్టినప్పుడు ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. నేనొక్కదాన్నే తిట్టాను. ఇప్పుడు ఎవరిని కదిపినా "మేం అప్పుడే అనుకున్నాం" అంటారు గానీ, అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. పరిగెత్తుకొచ్చి చూశారు, చప్పట్లు కొట్టారు, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. చూసేవాళ్ళకేం పోయింది, దెబ్బలు తగిలేది వాళ్ళకు కాదుగా.

అది నా తమ్ముడి కూతురు. తమ్ముడూ మరదలూ ఒకే బస్సు బోల్తాలో పోతే, ఇంకా పాలు మాననిదాన్ని తెచ్చి నేను పెంచాను. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు, ఆ పిల్లే నా సంసారం. పదహారేళ్ళొచ్చినా నా భుజం దాటి ఎదగలేదు కాబట్టి చిన్నప్పటి బుడ్డది అనే పిలుపు అలాగే ఉండిపోయింది. ముక్కుమీది కోపం మాత్రం మా ఇంటిదే, ఎక్కడి నుంచో తెచ్చుకున్నది కాదు.

నేను పనిచేసేది తలుపు బందులు కొట్టే ప్రెస్సు షాపులో. ప్రతి ప్రెస్సుకూ రెండు బటన్లుంటాయి, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న అచ్చు కిందికి దిగి రేకును కోస్తుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే ఏదీ అచ్చు కింద ఉండదు కదా, అందుకని అలా చేశారు. చేసినవాడు తెలివైనవాడే. కానీ అలా నొక్కుతూ కూర్చుంటే పని తెమలదు. కాబట్టి మేమందరం ఒక బటన్‌ను పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేసేవాళ్ళం. ఒక చేత్తో రేకు పెట్టడం, ఇంకో చేత్తో నొక్కడం. తనిఖీ ఆఫీసరు వస్తున్నాడంటే రబ్బర్లన్నీ జేబుల్లోకి పోయేవి, ఆయన వీధి మలుపు తిరిగితే మళ్ళీ బటన్ల మీదికి వచ్చేవి. యజమానికి అంతా కనిపించేది, ఏమీ కనిపించనట్టు ఉండేవాడు. మా షాపులో వేళ్ళ మీద లెక్కపెట్టమంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది.

బడి సెలవుల్లో బుడ్డది చిన్న ప్రెస్సు మీద కూర్చుంది. నేను వద్దన్నాను, అది వింటేగా. అందరూ కట్టుకున్నట్టే అదీ కుడి బటన్‌కు రబ్బరు కట్టుకుంది. కుడిచేత్తో రేకు సర్దుతూ ఉండగానే ఎడంచెయ్యి అలవాటు కొద్దీ ముందుగా నొక్కేసింది. రేకు తెగినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది, అంతకంటే పెద్దదేం కాదు. నేను తల కూడా ఎత్తలేదు. తర్వాత అది అరిచింది. వెళ్ళి చూస్తే మోచెయ్యి కింద ఏమీ లేదు, పళ్ళెంలో ఉన్న బందులన్నీ నెత్తురులో తేలుతున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో చేతుల డాక్టరని ఒకాయన ఉండేవాడు. మంటల్లోంచి, శిథిలాల్లోంచి మనుషుల్ని లాగడానికి పనికొచ్చేలా ఉక్కు చెయ్యి ఒకటి తయారుచేశాడు. అంతకుముందు ఒక కుర్రాడికి పెట్టాడట, రెండో మనిషి కోసం చూస్తున్నాడు. పిల్ల నన్నడగకుండానే తలూపేసింది. మిగిలిన కుడిచేతి మొండిని భుజం దాకా తీసి, వెన్నులోకి తీగలు దింపి, ఉక్కు చెయ్యి బిగించారు. మామూలుగా ఉన్నప్పుడు అది బడిపిల్ల చెయ్యే, తల దువ్వుకుంటుంది, బిందె ఎత్తుతుంది. కుడివైపు మెడ కింది ఎముక మీద మాత్రం రూపాయి బిళ్ళంత బటన్ ఒకటుంది. ఎడమ అరచేత్తో దాన్ని నొక్కి పట్టుకుంటే ఆ చెయ్యి గోడల్ని కూలుస్తుంది. మొదలుపెట్టిన పని ముగిసేదాకా దానంతటది ఆగదు, అరచెయ్యి తీసేస్తే ఆగుతుంది. డాక్టరు ఈ మాట మా ఇద్దరికీ పదేపదే చెప్పాడు. ఆయనకూ రెండు బటన్ల తెలివే వచ్చిందన్నమాట.

మొదటి కుర్రాడి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వాణ్ణి పటకారు అంటారు. మా బుడ్డది వయసులో వాడు తగలబడుతున్న బడి బస్సు పైకప్పు చీల్చి పిల్లల్ని బయటికి లాగాడు. ఊరు వాణ్ణి భుజాల మీద మోసింది. ఆ మరుసటేడు బస్టాండులో మాటా మాటా పెరిగి ఒక మనిషి మెడ విరిచాడు. నేను నొక్కలేదు, చెయ్యి నా మాట వినలేదు అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరూ జాలిపడ్డారు, మెషీన్ చెడిందని వదిలేశారు. తర్వాత ఇంకొకడు చచ్చాడు, ఇంకా తర్వాత ఇంకొకడు. ప్రతిసారీ చెయ్యే చేసింది. చివరికి సరుకులు దింపే యార్డూ, దాని చుట్టుపక్కల వీధులూ వాడి గుప్పిట్లోకి వెళ్ళాయి, వాడి వెనక ఓ గుంపు తయారైంది. అందుకే మా పిల్ల భుజానికి ఉక్కు మెరుపు చూడగానే జనం చెవులు కొరుక్కున్నారు. ఆ చెయ్యి తగిలించుకున్నవాళ్ళ నుదుటిరాతే అంతట, కొన్నాళ్ళు మంచి, తర్వాత పటకారు. పొద్దున చప్పట్లు కొట్టిన నోళ్ళే సాయంత్రం ఆ మాట అనేవి.

ఆ మాట దాని చెవిన పడకుండా ఉంటుందా. ఒకరోజు బట్టలు ఆరేస్తూ, "అత్తా, నేను కూడా వాడిలాగే అయిపోతానా?" అని అడిగింది. నోరు మూసుకుని క్లిప్పులు అందించమన్నాను.

అది మాత్రం కాలికి బలపం కట్టుకుని తిరిగింది. బ్రేకులు పోయి వాలులో దొర్లుతున్న లారీని భుజం ఆనించి ఆపింది. గ్యాస్ పేలి కూలిన ఇంటి కింద నుంచి ఒక ముసలాయన్ని లాగింది. అక్కడితో ఊరుకుంటే నాకు నిద్ర పట్టేది. పటకారు మనుషులు కూరలమ్మే ఆవిణ్ణి జుట్టు పట్టి ఈడుస్తుంటే మధ్యలో దూరి, ఒకడి మోకాలు వెనక్కి విరిచింది. ఆ ఎముక చప్పుడు వీధి చివరికి వినిపించిందట. ఆవిడ దాని కాళ్ళ మీద పడింది. ఇంటికొచ్చాక నేను దుమ్ము దులిపాను.

గుంపుకు కిటుకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎడంచెయ్యి పట్టుకుంటే సరి, మిగిలింది బడిపిల్ల. బస్టాండు వెనక నలుగురు దాన్ని పడేసి, ఎడంచేతిని మెట్టు మీద పెట్టించి, ఇనప కడ్డీతో వేళ్ళ మీద కొట్టారు. తర్వాత తీరిగ్గా పక్కటెముకల మీద తన్నారు. నేను వెళ్ళేసరికి అక్కడి కాలవ గట్టున పడి ఉంది, నోరంతా నెత్తురు. ఏడవడం లేదు. కళ్ళు తెరుచుకుని ఏదో ఆలోచిస్తోంది. ఆ ముఖం చూస్తే నాకు దెబ్బల కంటే ఎక్కువ భయమేసింది.

కట్లు విప్పిన వారానికి దాని చొక్కా మెడ దగ్గర ఎత్తుగా కనిపించింది. గుండీ లాగి చూశాను. సైకిల్ ట్యూబు ముక్క. చంక కింది నుంచి భుజం మీదుగా తిప్పి, బటన్ లోపలికి నొక్కుకుపోయేలా బిగించి, ముడి వేసుకుంది. ముడి మా షాపు ముడే. లాగేకొద్దీ బిగుసుకునే రకం. నాకు అరికాలి మంట నెత్తికెక్కి చెంప ఛెళ్ళుమనిపించాను.

"షాపులో అందరూ కట్టుకుంటారుగా అత్తా" అంది, చెంప తడుముకుంటూ.

ఆ రబ్బరు వల్లే కదే చెయ్యి పోగొట్టుకున్నావు అనాలి. అన్నాను కూడా, తర్వాత, చాలాసార్లు. గోడకు చెప్పినట్టే అయింది. కట్టుకోకపోతే ఈసారి చంపేస్తారంది. అదీ నిజమే.

బజారులో జరిగింది నేను కళ్ళారా చూశాను. గుంపులో కొత్తగా చేరిన కుర్రాడు, మీసం కూడా సరిగా రాలేదు, కత్తి పట్టుకుని దాని మీదికొచ్చాడు. మొదటి దెబ్బకే వెల్లకిలా పడ్డాడు. కత్తి ఎక్కడో పడింది. వాడు రెండు చేతులూ పైకెత్తి వద్దక్కా అన్నాడు. చెయ్యి ఆగలేదు. దవడ మీద పడింది, మళ్ళీ పడింది, పళ్ళు రాలి బండల మీద చెల్లాచెదురయ్యాయి, మళ్ళీ పడింది. బుడ్డది ఎడంచేత్తో మెడ దగ్గర రబ్బరు పీక్కుంటోంది, విరిగి అతికిన వేళ్ళకు ఆ ముడి లొంగడం లేదు. వాడు కదలడం మానేశాక గానీ ఉక్కు చెయ్యి కిందికి దిగలేదు. చప్పట్లు కొట్టడానికి వచ్చిన జనం ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు. దాని చుట్టూ వీధి ఖాళీ అయిపోయింది.

ఇంటికి తెచ్చి కుళాయి కింద నిలబెట్టాను. ఉక్కు మీది నెత్తురు ఒక్క చెంబు నీళ్ళకు పోయింది, మొహం మీదిది పోవడానికి చాలాసేపు పట్టింది.

"నేను కాదత్తా" అంది. "చెయ్యి."

కాదులే తల్లీ, నువ్వు కాదు అని దాని తల గుండెకు ఆనించుకున్నాను. కన్నతల్లి ఉన్నా అదే అనేది. ఆ కుర్రాడు చావలేదు గానీ దవడ మిగల్లేదు, ముక్కులోకి గొట్టం వేసి పాలు పోశారు. బుడ్డది రోజూ నన్ను ఆసుపత్రికి పంపి, బతికే ఉన్నాడా అని కనుక్కోమనేది. తను మాత్రం వెళ్ళలేదు. రబ్బరు విప్పనూ లేదు.

పటకారు షాపుకు వచ్చింది మధ్యాహ్నం అన్నాల వేళ. బుడ్డది నాకు డబ్బా తెచ్చి ఇచ్చి అక్కడే ఉంది. వాడు ఒక్కడే వచ్చాడు. సన్నటి మనిషి, చూడబోతే బడిపంతులనుకుంటారు. షట్టరు తనే కిందికి లాగాడు. లోపల ఉన్నవాళ్ళం తింటున్న ముద్ద నోట్లోనే పెట్టుకుని చూస్తూ ఉండిపోయాం.

చెల్లీ అని పిలిచి, పెద్ద ప్రెస్సు పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. ఆ కుర్రాడి దవడ గురించి తనకేం కోపం లేదన్నాడు. తనకూ అలాగే మొదలైందన్నాడు. ఒకడు నీ చేతిలో చచ్చేదాకే ఈ ఊరు నీది, ఆ తర్వాత నా దగ్గర తప్ప ఎక్కడా నీకు చోటుండదు, అదేదో ఇప్పుడే వచ్చెయ్యి అన్నాడు. బుడ్డది రానంది.

"అయితే ఇవాళే చంపుదువులే, నీ చేతికి ఎవడు దొరికితే వాణ్ణి" అన్నాడు.

లేచి, ఎడమ అరచేత్తో తన మెడ కింది బటన్ నొక్కి పట్టుకుని, ఉక్కు చేత్తో నా కుడి ముంజేతిని పట్టుకున్నాడు. పట్టుకున్నాడంతే, నా ఎముక రెండు ముక్కలైంది. కళ్ళ ముందు అంతా తెల్లగా అయిపోయింది. నా అరుపు ఆగేలోపే బుడ్డది వాడి మీద పడింది.

నేను నా బతుకంతా ఇనుము తెగడం చూశాను. ఇద్దరు మనుషులు అలా తెగబడడం ఎప్పుడూ చూడలేదు. వాడు ఒక్క దెబ్బతో దాన్ని రేకుల కుప్ప మీదికి విసిరాడు, రేకు అంచులకు దాని వీపు ఎక్కడికక్కడ చీరుకుపోయింది. అది లేచి, బందుల పెట్టె ఎత్తి వాడి మొహాన కొట్టింది. వాడి ముక్కు పక్కకు వాలిపోయింది. వాడి ఎడంచెయ్యి బటన్ మీది నుంచి కదలడానికి వీల్లేదు, బుడ్డదానికి రబ్బరు ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. అందుకే నెగ్గింది. వాడి తలను ప్రెస్సు బల్లకేసి కొట్టింది, ఇంకోసారి కొట్టింది, చెవి సగం తెగి వేలాడింది. ఆఖరికి ఉక్కు వేళ్ళు వాడి గొంతు చుట్టూ పడ్డాయి. బిగియడం మొదలుపెట్టాయి. వాడి మొహం నల్లబడింది, కాళ్ళు నేలను తన్నుతున్నాయి. మెషీన్ల వెనక దాక్కున్న మావాళ్ళలో ఎవరో చంపెయ్ అన్నారు.

"అత్తా, కొయ్యి" అని అరిచింది బుడ్డది. "రబ్బరు కొయ్యి అత్తా, నావల్ల కావట్లేదు."

వాడు చస్తే నాకేం దిగులు లేదు, దేవుడి తోడు. చూస్తూ నిలబడి ఉండగలిగేదాన్ని. కానీ వాడితోపాటు అది కూడా పోయేది, నాకు వాడితో పనేముంది, నా పిల్లతో గానీ. పని చేస్తున్న ఎడంచేత్తో రేకు కత్తెర అందుకుని, దాని చొక్కాలోకి దూర్చి, రబ్బరుతోపాటు కాస్త చర్మం కూడా కోసేశాను. ఉక్కు వేళ్ళు వదులయ్యాయి. వాడు జారి కింద పడి, నెత్తురు కక్కుతూ ఊపిరి పీల్చుకున్నాడు.

కాసేపటికి వాడి చూపు నేల మీది రబ్బరు ముక్క మీద పడింది. దాన్ని వేలితో ఎత్తి చూసి, నవ్వాడు. ముక్కు పగిలినవాడు నవ్వితే ఎంత అసహ్యంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"కట్టుకున్నావా?" అన్నాడు. "పిచ్చిదానా. నేనెప్పుడూ కట్టలేదే. ప్రతిసారీ నేనే నొక్కాను."

"చెయ్యి మాట వినలేదని చెప్పావుగా" అంది బుడ్డది.

"అలా చెబితే వదిలేస్తారు. అందుకని చెప్పాను."

దాని మొహంలో రంగు పోయింది. ఇన్నాళ్ళూ దాన్ని భయపెట్టిన నుదుటిరాత ఇంతేనా అనుకున్నట్టుంది. నాకైతే కడుపు మండిపోయింది. ఒక దొంగ ఏడుపు నమ్మి ఊరంతా ఆ పిల్లకు శాపం అంటగట్టింది కదా అని.

వాడు గోడ పట్టుకుని లేచాడు. అరచెయ్యి మళ్ళీ బటన్ మీదికి వెళ్ళింది. వాడి చూపు నా మీదుంది, దాన్ని రెచ్చగొట్టడానికి నేనే దారి అని వాడికి తెలుసు. బుడ్డది మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఇప్పుడు దాని మెడ దగ్గర రబ్బరు లేదు. అతుకుల ఎడంచేతిని నెమ్మదిగా ఎత్తి బటన్ మీద పెట్టుకుంది. నొక్కింది. ఉక్కు చెయ్యి వాడి మెడ వైపు పోలేదు, భుజం మీద పడింది, మాంసానికీ ఇనుముకూ అతుకు ఉన్నచోట. వాడి చెయ్యి తీగలతో సహా ఊడి వచ్చింది. గోడంతా నెత్తురు చిమ్మింది. వాడు మోకాళ్ళ మీద పడి గావుకేక పెట్టాడు. ఆ క్షణానే బుడ్డది అరచెయ్యి తీసేసింది. నేను చూశాను. కింద పడ్డవాడి మీద రెండో దెబ్బ పడలేదు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ మంచివాడే. నాకు కట్టు కట్టించాకే మాట్లాడాడు. అప్పటికే మా షాపువాళ్ళందరూ వచ్చి, పిల్లకేం తెలియదు, అంతా చెయ్యే చేసింది అని చెప్పి వెళ్ళారు. పటకారు బతుకుతాడట, ఇక ఎవరి మెడా విరవలేడట. ఆయన దాని వైపు తిరిగి చిన్నపిల్లవు, భయపడకు, బజారులో కుర్రాడి సంగతీ ఇదీ కలిపి మెషీన్ చెడిందని రాసేస్తాను, మీ అత్తతో ఇంటికెళ్ళు అన్నాడు. పటకారుకు మొదటిసారి అలా రాసింది కూడా తనేనని, దాన్ని ధైర్యపరచడానికన్నట్టు చెప్పాడు.

నేను మెడ విరిగేలా తలూపాను. ఇంటికెళ్ళిపోతే చాలనిపించింది.

"వద్దు సార్" అంది బుడ్డది. "ఆ కుర్రాడిని కొట్టిన రోజు రబ్బరు కట్టుకున్నది నేను. ఊడకుండా ముడి వేసింది కూడా నేనే. కట్టేసుకుంటే, కొట్టింది నేను కాదు అనుకోవచ్చని కూడా కట్టుకున్నాను. ఇవాళ నొక్కిందీ నేనే, తీసిందీ నేనే. చెయ్యి ఏమీ చేయలేదు. అలాగే రాయండి."

బల్ల కింద దాని తొడ మీద గట్టిగా గిల్లాను. అది కదల్లేదు. దవడ పోయిన కుర్రాడున్నాడు కాబట్టి, అలా రాస్తే ఇంటికి పంపడం తన చేతిలో ఉండదని, పిల్లల జైలుకు పంపాల్సి వస్తుందని, చెయ్యి తీసేయమని కోర్టు అన్నా అనవచ్చని ఆయన ఓపిగ్గా చెప్పాడు. తెలుసంది. నాకు ఒళ్ళు మండింది. నీకేమైనా పిచ్చా, ఊరంతా నీ తరఫున చెబుతుంటే నీ నోటికేం వచ్చింది, నేనొక్కదాన్నీ ఆ ఇంట్లో ఎలా ఉండనే అని స్టేషన్ అని కూడా చూడకుండా అరిచాను. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది.

అది నా వైపు తిరిగింది. మొహమంతా గీతలు, కింది పెదవి చిట్లి ఉంది.

"ఇవాళ నేను కాదని రాయించుకుంటే, రేపు ఇంకోసారి కూడా నేను కాదనచ్చు అత్తా" అంది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసి, అది చెప్పింది చెప్పినట్టే రాశాడు. తీసుకెళ్ళే బండి సాయంత్రానికి వస్తుందన్నారు. ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. చెయ్యి పెట్టించుకున్నప్పటి నుంచి ఆ పిల్ల నా పక్కలో పడుకుని కూడా ఉలిక్కిపడి లేచేది, నిద్రలో ఎవరినైనా ఏమైనా చేస్తానేమోనని ఉక్కు చేతిని తన వీపు కింద వేసుకుని పడుకునేది. ఆ బెంచీ మీద నా భుజాన తల వాల్చి, రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోయింది. పక్కనే ఫోన్లు మోగాయి, ఎవరో ఎవరినో తిట్టుకున్నారు, దానికి మెలకువ రాలేదు. బండి వచ్చింది. దాన్ని నేనే లేపాల్సి వచ్చింది.